తుమ్మముల్లుతో పొడిచిన చిల్లులు

మా అయ్యవారు పాత పేపరు ముక్కను సగానికి మడిచి, మళ్లీ సగానికి మడిచి, బడి వెనక చెట్టు నుంచి తెంపుకొచ్చిన తుమ్మముల్లుతో ఒక మూల పొడిచేవారు. "విప్పితే ఎన్ని చిల్లులుంటాయి? యాడాడ ఉంటాయి?" అని అడిగేవారు. నోటితో చెబితే ఒప్పుకునేవారు కాదు. పలక మీద చదరం గీసి చుక్కలు పెట్టాలి. అందరం పెట్టాక ఆయన ఒక్కో మడతా మెల్లగా విప్పేవారు. ఆ పేపరు విచ్చుకుంటుంటే ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం. ఒకరోజు నాలుగు చిల్లులూ నాలుగు మూలలా ఉండేవి. ఇంకోరోజు నాలుగూ నడిమధ్యకు వచ్చి గుంపుగా చేరేవి. ఆయన పొడిచింది మడతల వైపు మూలా, అంచుల వైపు మూలా అన్నది గమనించిన వాళ్లకే చుక్కలు సరిగ్గా కుదిరేవి.

ఇది 1994 సంగతి. ఉదయగిరి కొండకు దిగువన, మర్రిపాడు వైపు మెట్టలో మా ఊరు. ఒకే గది, ఒకే అయ్యవారు, ఐదు తరగతులు. ఐదో తరగతిలో మేము ఏడుగురం ఉండేవాళ్లం. నవోదయ ఎంట్రన్స్ అనే పరీక్ష ఒకటుందని, దాంట్లో నెగ్గితే ఆరు నుంచి పన్నెండు దాకా తిండి, గుడ్డ, పుస్తకం, పడక అన్నీ సర్కారే చూసుకుంటుందని మా ఊరికి మొదట చెప్పింది ఆయనే. మండల ఆఫీసుకు పోయి ఫారాలు తెచ్చారు. ఫారానికి డబ్బు కట్టే పని లేదు. ఏడుగురివీ ఆయనే పూర్తి చేశారు. ఫొటోలకు మమ్మల్ని పొగాకు ట్రాక్టర్ ఎక్కించి ఉదయగిరి తీసుకుపోయారు. నేను ఫొటో దిగడం అదే మొదటిసారి. స్టూడియోలో గోడకు వేలాడదీసిన తెర మీద సరస్సు, కొబ్బరిచెట్లు ఉన్నాయి. ఆ సరస్సు నిజంగా ఎక్కడో ఉందని, నవోదయకు పోతే కనిపిస్తుందని చాలా రోజులు అనుకున్నాను.

ఆ స్కూళ్లు 1986 జాతీయ విద్యా విధానంలోంచి వచ్చాయని, పల్లెల్లో తెలివైన పిల్లలు డబ్బు లేక ఆగిపోకూడదని పెట్టారని తర్వాత చదువుకున్నాను. మొదటి రెండూ హర్యానాలోని ఝజ్జర్‌లో, మహారాష్ట్రలోని అమరావతిలో మొదలయ్యాయి. జిల్లాకొకటి చొప్పున పెరుగుతూ మా నెల్లూరు జిల్లాది మర్రిపాడు మండలం కృష్ణాపురంలో పెట్టారు. ప్రకాశం జిల్లా వాళ్లకు ఒంగోలులో. ఆరో తరగతిలో 80 సీట్లు. అందులో కనీసం 75 శాతం పల్లె పిల్లలకు, మూడోవంతు ఆడపిల్లలకు. ఇవన్నీ అయ్యవారు మా నాయనకు రచ్చబండ దగ్గర కూర్చుని వేళ్ల మీద లెక్కబెట్టి చెప్పారు. మా నాయన బ్యారన్‌లో, అంటే పచ్చి పొగాకు ఆకును మంట వేడికి ఆరబెట్టే గదిలో, పొగాకు కాల్చే పనికి పోయేవాడు. రాత్రంతా మంట చూసుకుని పొద్దున్నే ఎర్రటి కళ్లతో ఇంటికొచ్చేవాడు. ఆయన మిగతా లెక్కలేవీ పట్టించుకోలేదు. "మూడోవంతు ఆడపిల్లలకేనా సామీ?" అని రెండుసార్లు అడిగాడు. అవునన్నాక నా వైపు చూశాడు.

మా మామ తరానికి ఇట్లాంటివి సర్వేలు, తాడికొండ, కొడిగెనహళ్లి గురుకులాలు. సర్వేలు 1971లో, తక్కిన రెండూ ఆ మరుసటి ఏడు వచ్చాయి. టెన్త్ ర్యాంకులు వచ్చినప్పుడల్లా ఈ మూడు పేర్లూ పేపర్లో కనబడేవి. మామ లెక్కల్లో చురుకు. ఆయన్ని ఆ పరీక్ష రాయించిన వాళ్లు లేరు, చెప్పిన వాళ్లూ లేరు. పేపర్లో ఆ పేర్లు చూసినప్పుడల్లా గొంతు మారిపోయేది ఆయనకు. అందుకే నా ఫారం మీద నాయన వేలిముద్ర వేసిన రోజు మామ పన్లోకి పోకుండా ఇంటికొచ్చి కూర్చున్నాడు.

అయ్యవారు సాయంత్రం బడి వదిలాక ఒక గంట మమ్మల్ని ఆపేవారు. ఆ గంటే మాకు కోచింగ్. గైడు ఒక్కటే ఉండేది, అదీ ఆయన కొన్నది. దాంట్లో బొమ్మల్ని బోర్డు మీద గీసేవారు. వేరుగా ఉన్న బొమ్మ ఏది, వరసలో తర్వాత వచ్చే బొమ్మ ఏది, అద్దంలో చూస్తే ఎట్లా కనబడుతుంది. అద్దం ప్రశ్నలకు మా ఇంటి నుంచి నాయన గడ్డం గీసుకునే అద్దం తీసుకుపోయేదాన్ని. లెక్కలన్నీ పొగాకుతోనే. ఒక కర్రకు ఇన్ని ఆకులు, గదికి ఇన్ని కర్రలు, కూలి ఇంత. భిన్నాలు, శాతాలు అన్నీ అట్లాగే వచ్చాయి మాకు.

ఆ లెక్కల్లో మా ఎదురింటి పిల్లను మించినవాళ్లు లేరు. వాళ్లమ్మ బ్యారన్ దగ్గర కర్రలకు ఆకు అల్లే కూలికి పోయేది. అల్లిన కర్రల లెక్క ఈ పిల్లే చూసేది. మేస్త్రీ తప్పు రాసుకుంటే అక్కడికక్కడే సరిచేసేది. అయ్యవారు లెక్క బోర్డు మీద రాసి వెనక్కి తిరిగేలోపు పలక పైకెత్తేది. చిల్లుల ప్రశ్నలో తను తప్పు చుక్క పెట్టడం నేనెప్పుడూ చూడలేదు. నాకు అర్థం కానివన్నీ రాత్రిళ్లు వాళ్ల అరుగు మీద కూర్చోబెట్టి చెప్పేది. ఏడుగురిలో ఎవరికన్నా సీటొస్తే తనకే వస్తుందని ఊరంతా అనుకున్నారు.

పరీక్ష రోజు ఆకు కోతలు ముమ్మరంగా ఉన్నాయి. కోసిన ఆకు ఆ పూటే అల్లి గదిలోకి ఎక్కించకపోతే పాడైపోతుంది. వాళ్లమ్మకు అంతకుముందు రోజే జ్వరం వచ్చింది. తెల్లవారుజామున అయ్యవారు వాళ్ల తలుపు కొట్టేసరికి పిల్ల లేదు. అమ్మ బదులు కూలికి పోయింది. ఆయన సైకిలేసుకుని బ్యారన్ దాకా పోయారు. ఉదయగిరి బస్సు పోయే వేళయింది, మేము ఆరుగురం రోడ్డు మీద నిలబడి ఆ బాట వైపే చూస్తున్నాం. ఆయన ఒక్కడే తిరిగొచ్చారు. మాతో ఏమీ అనలేదు. బస్సులో కూడా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు.

ఆ పరీక్ష ఐదో తరగతిలో ఉన్నప్పుడే రాయాలి. ఒకసారి ఆ ఏడు దాటిందంటే మళ్లీ అవకాశం లేదు.

సీటు నాకు వచ్చింది. కార్డు పట్టుకుని పోస్టుమాన్ నేరుగా బడికే వచ్చాడు. అయ్యవారు చదివి, నన్ను దగ్గరికి పిలిచి, తలమీద చెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు. సాయంత్రం మా ఇంటికొచ్చి, పంపడానికి వీల్లేదని మొండికేసిన మా అవ్వకు నచ్చజెప్పారు. "ఎంత దూరమవ్వా, మన మండలమే. నీకు చూడబుద్ధయితే బస్సెక్కి పోయి చూసి రావచ్చు" అన్నారు. అవ్వ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకేమో ఎదురింటి వైపు చూడాలంటే కాళ్లలో వణుకు వచ్చింది. తనే వచ్చింది. చేతిలో వాళ్ల పెరట్లో కాసిన జామకాయ ఉంది. "నీ లెక్కలు ఎవరు చెప్తారమ్మే అక్కడ?" అంది.

ట్రంకు పెట్టె, బకెట్, మగ్గు, కంచం, గ్లాసు, దుప్పటి. పెట్టె మీద నా పేరు మామ పెయింటుతో రాశాడు. అక్కడ పిల్లల్ని నాలుగు హౌసులుగా విడదీస్తారు. ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి. దేశంలో ఏ నవోదయలోనైనా ఇవే పేర్లు. నాకది తెలియదు. నన్ను ఉదయగిరి హౌస్‌లో వేశారని చెప్పగానే, మా కొండ వైపు నుంచి వచ్చిన పిల్లలందర్నీ ఒకచోట పెడుతున్నారని అనుకుని ఎంత ధైర్యం వచ్చిందో. పక్క మంచం పిల్ల సూళ్లూరుపేట నుంచి వచ్చింది, పులికాట్ పక్క పల్లె. ఆమెకు మా కొండ పేరే తెలియదు. ఆ రాత్రి ఇద్దరం ఒకే దుప్పట్లో పడుకున్నాం.

ఆ ఏడేళ్ల గురించి రాయాలంటే ఇంకో పోస్టు చాలదు. పొద్దున్నే పీటీ విజిల్, మెస్‌లో వరస, తొమ్మిదో తరగతిలో కొంతమందిని ఏడాదిపాటు హిందీ రాష్ట్రంలోని నవోదయకు పంపే పద్ధతి, ఆ రైలు ప్రయాణం, అక్కడ మొదటిసారి చలికి పగిలిన పెదాలు. ఈ రోజు నేనొక ఆఫీసులో కూర్చుని నాలుగు భాషల్లో మాట్లాడగలుగుతున్నానంటే అది ఆ మెస్ అన్నం చలవే. మా నాయన నా మీద ఒక్క రూపాయి ఫీజు కట్టింది లేదు.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, పోయిన నెల ఒక ఆదివారం మా తమ్ముడి కూతుర్ని చూడ్డానికి వెళ్లాను. దానికి పదేళ్లు. నవోదయ కోచింగ్ హాస్టల్లో ఉంది. నాలుగో తరగతి నుంచీ అక్కడే. అంటే ఒక హాస్టల్లో సీటు కోసం రెండేళ్లుగా ఇంకో హాస్టల్లో ఉంటోంది.

పొద్దున ఐదుకు లేపుతారు. రాత్రి తొమ్మిదిన్నర దాకా స్టడీ. నెలకొక ఆదివారం మూడు గంటలు చూడనిస్తారు. వారానికి రెండు మాక్ టెస్టులు. మార్కులు గేటు పక్కన బోర్డు మీద పెడతారు, వచ్చిన తల్లిదండ్రులు ముందు ఆ బోర్డు చూసి తర్వాత పిల్లల్ని చూస్తారు. నేనూ అదే చేశాను. అట్లా చూస్తున్నానని తెలిశాక అక్కడి నుంచి కదిలాను. నవోదయ ఒక్కటే కాదు. అదే పిల్ల చేత సైనిక్ స్కూల్ పరీక్ష కూడా రాయిస్తున్నారు. విజయనగరం దగ్గర కోరుకొండ 1962 నుంచీ ఉంది, 2014లో కలికిరి వచ్చింది, ఈ మధ్య ఆడపిల్లలనూ తీసుకుంటున్నారు కాబట్టి ఆ దారీ తెరుచుకుంది. ఐదో తరగతిలో చేర్చుకునే గురుకులాల పరీక్షలు పోయినేడే రాయించారు. పదేళ్ల పిల్లకు నాలుగు హాల్ టికెట్లు.

తమ్ముడిని నేను తప్పుపట్టలేను. వాడికి రెండెకరాల మెట్ట ఉంది, వాన పడితే పంట. టౌనులో మంచి స్కూలంటే ఏడాదికి లక్ష మాట వినబడుతోంది. నవోదయలో సీటొస్తే ఏడేళ్లు నిశ్చింత. ఆరో తరగతికి దేశం మొత్తం మీద యాభై వేల సీట్లుంటే రాసేవాళ్లు ఇరవై లక్షలు దాటిపోతున్నారు. "అందరూ రెండేళ్లు నేర్పించి పంపిస్తా ఉంటే మనం ఊరికే పంపిస్తే ఎట్టా వస్తుందక్కా?" అంటాడు. నా దగ్గర జవాబు లేదు. నాకు సీటొచ్చిన ఇల్లు అది. వాడి కూతురికి రాకపోతే ఆ వెలితి వాడి ఒక్కడిదే అవుతుంది.

కానీ ఒక సంగతి రాయకుండా ఉండలేను. రాయడానికి చాలా ఆలోచించాను. పల్లె కోటా వర్తించాలంటే 3, 4, 5 తరగతులు పల్లె బడిలోనే చదివి ఉండాలి. మా పాప పేరు రిజిస్టర్లో మా మండలంలోని ఒక పల్లె బడిలోనే ఉంది. మనిషి మాత్రం టౌనులో ఉంది. ఆ హాస్టల్లో ఎంతమంది పిల్లలున్నారో, దాదాపు అందరిదీ ఇదే కథ. ఎవరూ దీన్ని తప్పనుకోవడం లేదు. "అందరూ చేసేదే కదమ్మా" అన్నాడు అక్కడి మేనేజరు. మా అయ్యవారు సైకిలేసుకుని బ్యారన్ దాకా పోయింది ఏ పిల్ల కోసమో, ఆ పిల్ల కోసం ఉంచిన సీటు అది. దాన్ని మేమే, మా ఇంటి నుంచే, ఇంకో దారిలో అందుకోవాలని చూస్తున్నాం. ఈ మాట తమ్ముడితో అన్నాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి ఇంటికి తెచ్చేస్తే చెప్పేవాళ్లు ఎవరక్కా?" అన్నాడు.

అక్కడే ఉంది విషయమంతా. మా అయ్యవారి లాంటి ఒక్కరు, సాయంత్రం ఒక్క గంట. అంతే కావలసింది. పరీక్ష తీరు పెద్దగా మారలేదు. ఇప్పుడు రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. సగం మార్కులు ఆ బొమ్మలకే, తక్కిన సగం లెక్కలకు, భాషకు. ఐదో తరగతి పుస్తకం బాగా వచ్చిన పిల్లకు కొరుకుడు పడనిది అందులో ఏదీ లేదు. ఫారం ఇప్పుడూ ఉచితమే, కాకపోతే ఆన్‌లైన్‌లో పెట్టాలి. పల్లె బడిలో ఉన్న టీచరు సెల్‌ఫోన్‌లోనే ఐదో తరగతి మొత్తానికి దరఖాస్తు చేయొచ్చు. చేస్తున్న వాళ్లు ఉన్నారు, వాళ్లకు చేతులెత్తి దండం పెడతాను. అట్లాంటి బడి నుంచి ఏటా ఒకరో ఇద్దరో వెళ్తున్నారు కూడా. కానీ ఆ గంట కూర్చోబెట్టే మనిషి లేని ఊళ్లో పిల్ల ఎంత తెలివిగలదైనా ఆ సంగతి ఊరికి కూడా తెలియకుండానే ఆరో తరగతిలోకి వెళ్లిపోతుంది.

మా ఊళ్లోనే చూశాను. హాస్టల్ నుంచి వస్తూ ఊరికి పోయాను. మా బడి ఇప్పుడు రెండు గదులయింది. ఎదురింటి పిల్ల, అదే నా లెక్కల గురువు, ఇప్పుడు ఆ బడిలో మధ్యాహ్న భోజనం వండుతోంది. ఎంతమంది పిల్లలకు ఎన్ని కేజీల బియ్యం, ఎన్ని గుడ్లు, నెలకు బిల్లు ఎంత, అన్నీ నోటిలెక్కే. మిగతా ఊళ్ల వంటవాళ్లు బిల్లు తేడా వస్తే ఈమెకే ఫోన్ చేస్తారట. పొయ్యి దగ్గర పీట వేసి కూర్చోబెట్టింది. నేను పాప సంగతి చెప్పాను. విని, గిన్నెలో గరిటె ఆపి, "ఐదో తరగతిలో ఒక బిడ్డ ఉంది చూడమ్మే. వడ్డించేటప్పుడు నేను గుడ్లు లెక్కపెట్టేలోపు అది చెప్పేస్తది. దానికి ఆ పరీక్ష ఉన్నట్టే తెలియదు" అంది. ఫారాల గడువు అప్పటికే అయిపోయింది. మేమిద్దరం కాసేపు ఆ పొయ్యి వైపే చూస్తూ కూర్చున్నాం. ఆ రోజు బ్యారన్ దగ్గర ఏం జరిగిందో ముప్పై ఏళ్లలో తనెప్పుడూ చెప్పలేదు, నేనెప్పుడూ అడగలేదు. ఆ రోజు తనే అంది. "అయ్యవారు సైకిలు దిగి, రామ్మా అని చెయ్యి చాపినాడు. వచ్చేదాన్నే. మేస్త్రీ, పోతే మీ అమ్మను కూడా రేపటి నుంచి రావద్దని చెప్పన్నాడు."

నాలుగో తరగతి పిల్లలకు వచ్చే వేసవి సెలవుల్లో ఆ అరుగు మీదే పాఠం చెప్పాలని ఇద్దరం అనుకున్నాం. లెక్కలు తను, బొమ్మలు నేను. నేను ఎన్ని ఆదివారాలు రాగలనో చూడాలి. ఫారాలు పెట్టే పని హెడ్మాస్టరు గారికి అప్పజెప్పి వచ్చాను. ఆయన కాదనలేదు.

హాస్టల్ దగ్గరి సంగతి ఒకటి మిగిలింది. మూడు గంటల్లో రెండు గడిచాక, వేపచెట్టు కింద అరుగు మీద పాప నా పక్కన కూర్చుంది. నేను తీసుకుపోయిన అరిసెలు సగం తిని, సగం రాత్రికి దాచుకుంది. ఏం చెప్తున్నారు నాన్నా అని అడిగితే చిల్లుల ప్రశ్న పేరు ఇంగ్లిషులో చెప్పింది, పంచ్‌డ్ హోల్ అని. "మడత ఎటు ఉంటే అటు అద్దం పెట్టినట్టు చూడాలత్తా. ముందు ఆప్షన్లలో సమానంగా లేనివి రెండు కొట్టేయాలి. ఒక్కోదానికి నలభై సెకన్లు" అని గడగడా ఒప్పజెప్పింది. నాకు ముచ్చటేసింది. "ఎప్పుడన్నా నిజంగా పేపరు మడిచి పొడిచి చూశావా?" అన్నాను.

లేదంది.

నా పర్సులో బస్సు టికెట్ ఉంది. సగానికి, మళ్లీ సగానికి మడిచాను. ముల్లు లేదు, కొంగుకున్న పిన్నీసు తీసి మూలన పొడిచాను. "ఎన్ని? యాడాడ?" అన్నాను. అది కళ్లు పైకి తిప్పి, పెదాలు కదుపుతూ, లోపల ఏదో లెక్కేసుకుని చెప్పింది. సరిగ్గానే చెప్పింది. అయినా విప్పుతుంటే ఒంగి, నా చేతి మీదికి మొహం పెట్టి చూసింది. నాలుగు చిల్లులు. టికెట్ లాక్కుని ఆకుల సందుల్లోంచి వస్తున్న ఎండకు అడ్డం పెట్టింది. నాలుగు చిన్న వెలుగులు దాని బుగ్గ మీద పడ్డాయి.

"అత్తా, ఇంకోటి పొడువత్తా. ఈసారి మూడు మడతలు" అంది.

నా దగ్గర ఇంకో టికెట్ లేదు. అరిసెలు చుట్టిన పేపరు తీసి నూనె అంటని వైపు చింపాను.